నిండింది తీసి ఖాళీది వెట్టిన

ముందుగాలనే చెప్తున్న, ఆ బ్యాటరీని కాలవెట్టింది నేను. మా ఆయన కాదు. ఈ మాట ఆ మంగళవారమే నా బిడ్డకు చెప్పవల్సింది. చెప్పలే. ఐదు రోజులు నోరు మూసుకొని కూసున్న. భాగ్యలక్ష్మి ఐదు రోజులు నోరు మూసుకున్నదంటే మా బిల్డింగుల ఎవ్వలూ నమ్మరు. మూడో అంతస్తుల నేను మాట్లాడితే కింద కిరాణా కొట్టుల ఇనవడ్తది.

దానికి కారణం ఉన్నది. మా ఆయన సోమలింగం ముప్పై రెండేండ్లు బట్ట నేసే సాంచాల షెడ్లల్ల పని చేసిండు. మేము బతుక వచ్చిన ఈ పరాయి పట్నంల, ముందు ఖటోదరల, తర్వాత జోల్వల. సాంచా చెడిపోతే విప్పి సెట్ చేసే మాస్టరు. ఒక్క షెడ్డుల నలభై ఎనిమిది సాంచాలు పొద్దంత రాత్రంత టకటక కొట్టుకుంటుంటే మనిషికి చెవులు ఏం మిగుల్తయ్? ఎడమ చెవు పూరా పోయింది, కుడిది సగం పోయింది. నేను మామూలుగ మాట్లాడితే ఆయనకు నా పెదవులు కదులుడే కనవడ్తది. గందుకని గట్టిగ మాట్లాడుడు అలవాటైంది. జనం గయ్యాళి అంటరు. అననీ. సగం ఆయన చెవుల కోసం, సగం నా సొంతం.

రెండేండ్ల కింద ఆ పని బందయింది. కొత్త మిషన్లు వచ్చినయ్, వాటికి కంప్యూటర్ సదివిన మాస్టర్లు వచ్చిన్రు. ఇంట్ల కూసున్నడు. తినుడు, మంచం మీద కూసుండుడు, గోడ దిక్కు చూసుడు. నేను అరిచినా తిట్టినా "ఆఁ" అంటడు, గంతే. నాకు లోపల భయమైతుండె. పైకి మాత్రం "గోడకేమన్న సినిమా ఆడుతుందా?" అని ఒర్లుతుంటి.

మాకు ఒక్కతే బిడ్డ, రుచిత. కడోదర కాడ ఒక కంపెనీల కరెంటు ఇంజినీరు. కాలేజీల ఉన్నప్పుడు ఏదో క్లబ్బుల చేరి రిమోట్‌తోని ఎగిరే విమానం ఒకటి తయారు చేసింది. చదువు అయిపోయినంక అది రెక్క ఇరిగి అటక మీద పడి ఉండె. నిరుడు దసరాకు ఇల్లు దులుపుతుంటే మా ఆయన దాన్ని కిందికి దించిండు. రెక్కను ఇటు తిప్పి చూసిండు, అటు తిప్పి చూసిండు. మల్ల అటక ఎక్కనియ్యలే. నాలుగు రోజులల్ల రెక్క అతికిచ్చిండు, తీగలన్నీ సాపు చేసిండు. ఆదివారం రుచిత నగుకుంట, "చలో బాపు, ఎగరేద్దాం" అని కాలువ అవతలికి తోలుకపోయింది. అక్కడ చెరకు కొట్టేసిన చేను ఉంటది.

ఆ దినం సంది మనిషి మారిండు. యాభై ఎనిమిదేండ్ల మనిషి పొద్దు వాలుతుంటే చాలు, విమానం సంకల వెట్టుకొని బయలెల్లుడే. అది ఎగిరేటప్పుడు జుయ్యిమని చప్పుడు చేస్తది. అది ఆయనకు ఇనవడదు. మెడ పైకెత్తి చూసుకుంట నగుతడు. పెండ్లైన కొత్తల నన్ను చూసి సుతం గట్ల నగలే. నేను ఊకుంటనా? "గీ ప్లాస్టిక్ బొమ్మ నాకు సవతి అయింది" అని బిల్డింగుల అందరికి చెప్పిన. "ఇది ఎప్పుడో ఇల్లు కాలవెడ్తది" అని సుతం అన్న. నా నోట్ల మన్ను వడ.

ఇగ ఛార్జరు సంగతి చెప్త. రెండు అరచేతులంత నల్ల డబ్బ. మీద చిన్న తెర, నాలుగు బటన్లు. దాని గొప్పతనమేందంటే ఏ జాతి బ్యాటరీనైనా నింపుతది. రిమోట్‌ల ఉండేది నిక్కెల్ బ్యాటరీ. విమానంల ఉండేది లిథియం. మోటరు సైకిల్‌ల ఉండే యాసిడ్ బ్యాటరీ సుతం ఎక్కుతదట. కాని తనకు ఏ జాతిది తగిలించినమో దానికి సొంతంగ తెల్వదు. మనమే చెప్పాలె. బటన్ నొక్కి ఇది లిథియం అని చెప్పాలె, ఎన్ని సెల్లులున్నయో చెప్పాలె, ఎంత కరెంటు పోవాల్నో చెప్పాలె. లిథియం దానికైతే లావు తీగతో పాటు తెల్ల మూతి ఉన్న సన్న తీగలు సుతం తగిలించాలె. ఆ సన్న తీగల తోవల్నే ఛార్జరు ఒక్కో సెల్లును చూసుకుంటది, ఏదీ ఎక్కువ నిండకుంట ఆపుతది. మనం తప్పు చెప్తే తప్పే ఇంటది. కుక్క లెక్క మొరగదు, వద్దనదు.

ఇదంతా నాకు ఇప్పుడు తెలుసు. రుచిత వాళ్ళ బాపుకు నేర్పుతున్నప్పుడు నేను వంటింట్ల గిన్నెలు గట్టిగ ఎత్తేసుకుంట ఉన్న, ఒక్క ముక్క ఇనలే. నాకు తెలిసింది ఒక్కటే. నిండినంక అది కీ కీ కీ అని సన్నగ కూస్తది. ఆ కూత మా ఆయనకు ఇనవడదు. గందుకని ఆయన తెర చూస్తడు, నేను కూత ఇంట. కూసిందంటే వంటింట్ల నుంచే "కూసిందీ!" అని ఒర్లుత, ఆయన వచ్చి తీగ పీకుతడు. ఆరు నెలలు గట్లనే నడిచింది.

ఇంకో ముచ్చట. మా ఆయన మాస్టరు బుద్ధి ఊకోదు. రిమోట్ బ్యాటరీకి ఒక మూతి, విమానం బ్యాటరీకి ఇంకో మూతి ఉంటే మాటిమాటికి తీగ మార్చాలె గదా అని, అన్నిటికి ఒక్క తీరు పసుపు మూతులు అతికిచ్చిండు. షెడ్డుల గిట్లనే చేస్తుండె, ఏ సాంచా సామాను ఆ సాంచాకే కాకుంట అన్నిటికి సరిపోవాలె అని. అక్కడ శెభాష్ అన్నరు.

మంగళవారం నాడు ఆయనకు చెవుల దవాఖానల నంబరు దొరికింది. పదకొండు గంటలకు పోవాలె. పొద్దున రిమోట్ బ్యాటరీ ఛార్జింగుకు వెట్టి ఉన్నది, ఇంక నిండలే. రుచిత వంద సార్లు చెప్పింది, ఛార్జరు నడుస్తుంటే ఇడిసిపెట్టి పోవద్దని. కాని మా ఆయన చెప్పుల కాలు వెట్టుకుంట, "కూస్తే తీగ పీకు" అన్నడు. షెడ్డుల పాలీ మారేటప్పుడు గిట్లనే ఉంటది. పగటి పాలీ మనిషి ఎల్లిపోతడు, రాత్రి పాలీ మనిషి వస్తడు, సాంచా మాత్రం ఆగదు. నడిచే మిషన్ చేతికిచ్చి పోవుడే. ఇద్దరం గా బతుకుల నుంచి వచ్చినోల్లమే, మాకది తప్పనిపియ్యలే.

నాది సుతం షెడ్డు బతుకే. పద్దెనిమిదేండ్లు నూలు కండెలు చుట్టే మిషన్ మీద చేసిన. వరుసగ కండెలు గిర్రున తిరుగుతుంటయ్. ఒకటి నిండుతది. నిండింది తీసుడు, ఖాళీది వెట్టుడు. మిషన్ ఆపేది లేదు, చూసేది లేదు, చెయ్యే పోతుంటది. పక్కదానితోని ముచ్చట వెట్టుకుంటనే రోజుకు ఎయ్యి కండెలు మార్చిన. సెట్టింగు ముట్టుకుంటే మాస్టరు తిడ్తడు. సెట్టింగు ఆయన పని, మార్చుడు మా పని.

పన్నెండు గంటలకు కూసింది. పోయి తీగ పీకిన. ఇగ ఊకుంటే అయిపోతుండె. పక్కన విమానం బ్యాటరీ కనవడ్డది. నిన్న మాపటీలి ఎగరేసి వచ్చినంక ఖాళీగ పడి ఉన్నది. నాకు మనసుల ఒకటి అనిపిచ్చింది. దవాఖానల డాక్టర్ మంచి మాట చెప్పడని నాకు తెలుసు. ఈ మనిషి మల్ల గోడ దిక్కు మొకం వెట్టుకొని కూసుంటడు. వచ్చేవరకు ఇది నిండి ఉంటే, చేతుల వెట్టి "పో, ఎగరేసుకో పో" అంటే, ఇంత నగుతడు గదా. నన్ను చూసి నగుతడు గదా అని, గది సుతం అనుకున్న. సిగ్గు లేకుంట చెప్తున్న.

పసుపు మూతి పసుపు మూతికి సక్కగ ఎక్కింది. పొద్దుటి దానికి సన్న తీగలు లేవు, దీనికి ఉన్నయ్, ఎందుకున్నయో నాకేం ఎరుక, వాటిని గట్లనే ఇడిసిన. ఆయన నొక్కే బటనే ఒత్తి పట్టుకున్న. కీ అన్నది, నడిచింది. నిండింది తీసిన, ఖాళీది వెట్టిన. ఛార్జరు మాత్రం ఇంక అది నిక్కెల్ బ్యాటరీనే అనుకుంటున్నది.

రెండు గంటల మీద ముప్పావు అయింది. నేను మెట్ల కాడ ఎదురింటి స్వరాజ్యంతోని చింతపండు గింజలు తీసుకుంట కూసున్న. కూత కోసం చెవి ఇంట్లనే ఉన్నది. కూత రాలే, వాసన వచ్చింది. గోర్ల రంగు తుడిచే మందు ఉంటది గదా, గసొంటి తియ్యటి వాసన. స్వరాజ్యం "ఏందక్కా గీ వాసన" అంటున్నది. గప్పుడే మా ఆయన మెట్లెక్కి వస్తున్నడు. మా ఇద్దరి మీదికెల్లి దుంకి లోపటికి ఉరికిండు.

సందుక మీద వెట్టి ఉండె ఛార్జరు. పక్కనే మడత వెట్టిన బొంతలు. బ్యాటరీ పూరీ లెక్క పొంగి ఉన్నది. నేను చూస్తుంటెనే పగిలి బుస్సుమని పొగ, ఎంబడే మంట. బొంత అంటుకున్నది. మా ఆయన వంటింట్లకెల్లి పట్కారు తెచ్చి దాన్ని పట్టుకొని బయటి గ్యాలరీలకు ఉరికి బండల మీద పడేసిండు. కుడి చెయ్యి మణికట్టు దాంక కాలింది. కింద ఇల్లు కడ్తున్న కాడికి స్వరాజ్యం పోయి బకెట్ల ఇసుక తెచ్చి దాని మీద పోసింది. నేను బొంత మీద నీళ్ళు గుమ్మరిచ్చిన. ఐదు నిమిషాలల్ల అంతా అయిపోయింది. గోడ నల్లగైంది.

స్వరాజ్యం ఫోన్ చేస్తే రుచిత బండి మీద వచ్చింది. ముందు వాళ్ళ బాపు చెయ్యి చూసింది, ఏడ్చింది. తర్వాత ఛార్జరు తెర చూసింది.

"నిక్కెల్ మీద ఉన్నది! లిథియం బ్యాటరీని నిక్కెల్ మీద ఎవరు వెట్టిన్రు?"

నేను నోరు తెరిచిన. తెరిచిన మాట నిజం. నాకంటే ముందు మా ఆయన అన్నడు, "నేనే, బిడ్డా. మర్చిపోయిన."

ఆ మాట గాలిల ఉండంగనే నేను కాదు అనాలె. అనలే. ఆరు నెలల సంది ఆ విమానాన్ని తిట్టిన నోటితోని, నేనే మురిపెంగ ఛార్జింగు వెట్టిన అని స్వరాజ్యం ముంగట ఎట్ల చెప్పుడు? కాలవెట్టిన అని చెప్పుటానికన్న, ఎందుకు వెట్టిన్నో చెప్పుటానికి నాకు సిగ్గయింది. నా అసొంటి మొండి గాడిద ఇంకోటి ఉండదు.

రుచిత కోపం అంతా భయం కోపం. అది నాకు ఎరుకే. కాని నోట్లకెల్లి వచ్చిన మాట వచ్చింది. "బాపూ, నీకు కూత ఇనవడది సరే. ఇప్పుడు ఏది ఏదో యాది సుతం ఉంటలేదా? రేపు గ్యాస్ మర్చిపోతవు. ఇల్లంత పేలిపోతది. బస్, ఇగ ఇది ఖతమ్."

ఆయనకు అన్ని మాటలు ఇనవడలే. కాని బిడ్డ మొకం చూసి సమజైంది. తల వంచుకొని చెయ్యి మీద ఊదుకున్నడు.

మరునాడు రుచిత విమానాన్ని, రిమోట్‌ను, ఛార్జరును అట్టపెట్టెల వెట్టి టేప్ వేసింది. ఆదివారం వాళ్ళ కాలేజీ క్లబ్బుకు ఇచ్చేస్తనన్నది. పొద్దున పనికి పోయేటప్పుడు గ్యాస్ సిలిండర్ బంద్ చేసి, "అమ్మా, బాపును ఒక్కన్ని పొయ్యి కాడికి పోనియ్యకు" అనేది. మధ్యాహ్నం ఫోన్ చేసి "బాపు ఏం చేస్తున్నడు?" అని అడిగేది. ఏం చేస్తడు? గోడ దిక్కు చూస్తున్నడు. ఈసారి ఆ గోడ నల్లగ సుతం ఉన్నది.

నలభై ఎనిమిది సాంచాలల్ల ఏది ఏ మూలకు తప్పు కొడ్తుందో చెయ్యి వెట్టి చెప్పిన మనిషి. ఆ మనిషి ఇంట్ల చాయ్ వెట్టుకోవాలంటే నా దిక్కు చూస్తున్నడు, వెట్టుకోవచ్చునా అన్నట్టు. నాకు అన్నం దిగలే. బుధవారం చెప్తనన్న, చెప్పలే. గురువారం రుచిత అలిసి వచ్చిందని ఆగిన. శుక్రవారం ఏం సాకు వెట్టుకున్ననో నాకే యాది లేదు.

శనివారం పగటీలి ఆయన చెయ్యికి మందు రాసుకుంట కుడి చెవు కాడ నోరు వెట్టిన. "ఇంటున్నవా. ఆ బ్యాటరీ వెట్టింది నేను" అన్న.

"నాకెరుకే" అన్నడు.

"ఏం ఎరుక?"

"నేను రిమోట్ బ్యాటరీ వెట్టి పోయిన. విమానం బ్యాటరీ సొంతంగ నడుసుకుంట వచ్చి ఎక్కుతదా?"

నాకు నగు వచ్చింది, ఎంబడే ఏడుపు వచ్చింది. "మరి నువ్వెందుకు మీదేసుకున్నవు? నీకు తిక్కనా?"

"నువ్వు బిడ్డతోని మాట పడితే రెండు రోజులు అన్నం ముట్టవు. నాకైతే మాటలు ఇనవడయ్" అన్నడు. కాలిన చెయ్యి మెల్లగ వెనకకు తీసుకున్నడు. "అన్నిటికి ఒక్క తీరు మూతులు అతికిచ్చింది నేనే గదా. నడిచే డబ్బను నీకిచ్చి పోయింది నేనే. పోనియ్. బొమ్మనే గదా."

"డాక్టర్ ఏమన్నడు ఆ దినం?" అని అడిగిన. ఇన్ని రోజులల్ల ఆ మాటే అడుగలే నేను.

"చెవుకు మిషన్ వెట్టుకుంటే మాటలు జర నయమైతయట. సన్న కూతలు మాత్రం ఇగ ఇనవడయ్ అన్నడు. పిట్టలు, ఫోన్లు, అవి." మందు పక్కకు జరిపి, "విమానం అయితే కండ్లతోని చూసేది" అన్నడు. అని లేచి లోపటికి పోయిండు.

బొమ్మనే గదా అన్న మనిషి అట్టపెట్టె పక్కకెల్లి పోకుంట తిరిగి పోయిండు. నేను చూసిన.

ఆదివారం పొద్దున తొమ్మిదికి రుచిత పెట్టె సంకల వెట్టుకొని, బండి తాళం పట్టుకొని చెప్పులు తొడిగింది. మా ఆయన మంచం మీద కూసుండి గోడ దిక్కు చూస్తున్నడు. ఆమె మెట్ల కాడికి పోయింది. నేను ఎన్కనే ఉరికి పెట్టె పట్టుకున్న.

"అమ్మా, ఛోడ్. మల్ల గదే లొల్లి వద్దు."

"ఆగు. ఆ బ్యాటరీ వెట్టింది నేను" అన్న. మెల్లగనే మొదలువెట్టిన. కాని గీ మాట ఆయన సుతం ఇనాలె గదా. ఆయనకు ఇనవడాలంటే నాకు ఒక్కటే తోవ తెలుసు. గొంతు ఎత్తిన. "మీ బాపు ఏం మర్చిపోలే! ఆయన దవాఖానకు పోయినంక రిమోట్ బ్యాటరీ నిండింది, నేను పీకిన! విమానం బ్యాటరీ నేను వెట్టిన! కండె మార్చినట్టు మార్చిన! ఆయన మతి సక్కగనే ఉన్నది, నాకు దెయ్యం వట్టి ఐదు రోజులు చెప్పలే!"

ఎదురింటి తలుపు తెరుచుకున్నది, స్వరాజ్యం. పైనుంచి ఎవరో తొంగి చూసిన్రు. కింద కిరాణా కొట్టాయన త్రాసు పట్టుకొనే బయటికి వచ్చిండు.

"నువ్వా? నీకు ఆ విమానమంటే పడది గదా. నువ్వెందుకు వెట్టినవు?" అన్నది రుచిత.

గదే ప్రశ్న. ఐదు రోజులు నన్ను తిన్న ప్రశ్న. ఇగ ఎనకకు పోయేది ఏమున్నది?

"మీ బాపు దవాఖాన నుంచి మొకం ఏలాడేసుకొని వస్తడని వెట్టిన! వచ్చేవరకు నిండి ఉంటే ఇంత నగుతడని వెట్టిన! ఆయన నగితే నాకు మంచిగ అనిపిస్తది! సాలునా? ఇంకేమన్న చెప్పాల్నా?"

స్వరాజ్యం చీర కొంగు నోట్ల కుక్కుకున్నది. "అక్కా, సవతి అంటివి గదా" అన్నది. "నువ్వు లోపటికి పో" అని దాన్ని ఒర్రిన. అప్పుడు ఎనకకు మర్రి చూస్తే మా ఆయన గడప కాడ నిలవడి ఉన్నడు. చెవులల్ల పడ్డదో, బిల్డింగు కదిలిందని వచ్చిండో. నా దిక్కు చూస్తున్నడు. నగుతలేడు. కండ్లల్ల నీళ్ళు తిరుగుతున్నయ్.

రుచిత పెట్టె కింద వెట్టింది. వాళ్ళ బాపు కాడికి పోయి, కాలిన చెయ్యి రెండు చేతులల్ల పట్టుకొని, "నేను ఎన్ని మాటలన్న బాపూ" అని ఏడ్చింది. ఆయన ఎడమ చేత్తోని దాని తల నిమిరి, "అవునా? నాకు ఇనవడలే" అన్నడు. అబద్ధం. అన్నీ సమజైనయ్ ఆయనకు.

ఆ మధ్యాహ్నం నా బిడ్డ నాకు టీచరమ్మ అయింది. అట్టపెట్టె టేప్ కోసింది. "అమ్మా, కండె వేరు, ఇది వేరు. కొత్తది తగిలించే ముందు ప్రతిసారి డబ్బను అడగాలె, నువ్వు దీన్ని ఏమనుకుంటున్నవు అని. తెర సదువాలె. బ్యాటరీ మీద రాసింది సదువాలె. రెండూ ఒక్కటైతెనే బటన్" అన్నది. పొంగిన బ్యాటరీ ముట్టొద్దు. ఎగిరి వచ్చిన ఎంబడే వేడి మీద వెట్టొద్దు, సల్లారాలె. సందుకల మీద, బొంతల కాడ వెట్టొద్దు. గ్యాలరీల ఇటుకల మీద, మంటకు ఓర్చే సంచిల వెట్టాలె, పక్కన ఇసుక బకెట్ ఉండాలె. నన్ను పది సార్లు అడిగింది, పది సార్లు అప్పజెప్పిచ్చుకున్నది. రెండు సార్లు తప్పు చెప్పిన, తిట్టింది. దాని నోరు ఎక్కడికెల్లి వచ్చిందో నాకు తెలుసు.

మా ఆయన ఒంటి చేత్తోని కూసుండి రిమోట్ బ్యాటరీ పసుపు మూతి కోసేసిండు. దానిది దానికి అతికిచ్చి, నా ముంగట రెండూ వెట్టి, "ఇప్పుడు ఎక్కియ్యి చూస్త" అన్నడు. ఎక్కలే. మురిసిపోయిండు.

"ఆఖరి మాట" అన్నది రుచిత. "ఛార్జరు నడిచినంతసేపు ఇద్దరూ దాని ముంగటనే కూసోవాలె. పాలీ మార్చుకునుడు లేదు. బాపు తెర చూస్తడు, నువ్వు కూత ఇను. ఒక్కలు లేచినా తీగ పీకి లేవాలె."

కొత్త బ్యాటరీ వచ్చేవరకు పది రోజులైంది. ఆయన చెయ్యి సుతం మానింది. ఆ మాపటీలి గ్యాలరీల ఇటుకలు పరిచిన, ఇసుక బకెట్ వెట్టిన. ఆయన లావు తీగ తగిలిచ్చిండు, నేను తెల్ల మూతి తగిలిచ్చిన. డబ్బను అడిగిన. "లిథియం, మూడు సెల్లులు" అని తెర మీద ఉన్నది ఆయన సదివిండు. బ్యాటరీ మీద ఉన్నది నేను సదివిన. రెండూ ఒక్కటే. బటన్ ఆయన నన్నే నొక్కుమన్నడు.

ఇగ కూసున్నం. చాప మీద పక్కపక్కన.

కొద్దిసేపటికి నాకు ఎటో అయింది. ఏం మాట్లాడాల్నో తెల్వలే, నాకు! అప్పుడు సమజైంది. ముప్పై నాలుగేండ్ల కాపురంల మేము గిట్ల కూసున్నదే లేదు. ఆయనది పగటి పాలీ అయితే నాది రాత్రి పాలీ. ఆయనది రాత్రి పాలీ అయితే నేను పగలు కండెల కాడ. గడప కాడ ఒకలు వచ్చుడు, ఒకలు పోవుడు. బిడ్డను సుతం నడిచే మిషన్ ఇచ్చినట్టు ఒకల చేతుల నుంచి ఒకలం తీసుకున్నం. ఇంటి ఖర్చులు, జ్వరాలు, బళ్ళె ఫీజులు అన్నీ గడప మీదనే మాట్లాడుకున్నం. ఇప్పుడు ఒక డబ్బ ముంగట బిడ్డ కట్టేసి కూసోవెట్టింది.

ఆయన ఏదో చెప్పుడు మొదలువెట్టిండు. ఖటోదరల మొదటి దినం షెడ్డుల ఎట్ల తప్పిపోయిండో, ఏ సాంచా కాడ మాట ఇనవడక ఎవరిని చూసి నగిండో. ముప్పై రెండేండ్ల ముచ్చట్లు, ఒక్కటి సుతం నాకు తెల్వది. నేను ఆయన కుడి దిక్కు జరిగి కూసున్న, నా మాట అందాలని. మధ్యల మధ్యల తెర చూస్తున్నడు, "మూడూ సమంగ నిండుతున్నయ్" అంటున్నడు. అవతల చెరకు చేను మీద పొద్దు ఇంక ఉన్నది.

కీ కీ కీ అన్నది.

అది నిండినంక తనంతట తనే ఆగుతదని రుచిత చెప్పింది, నాకు భయం లేదు. తెర మీద సుతం వస్తది అక్షరాలల్ల, నిండింది అని. ఆయన కండ్లు తెర మీదనే ఉన్నయ్. చూసిండు. ఆయన చూసుడు నేను చూసిన.

"కూసిందా?" అన్నడు.

"ఇంకా కూయలే" అన్న.

"అవ్, ఇంకా నిండలే" అన్నడు. అని ముచ్చట ఎక్కడ ఆపిండో అక్కడికెల్లి మల్ల మొదలువెట్టిండు.